వంతెనకు తక్కువైన పదకొండు పుల్లలు

శుక్రవారం సాయంత్రం ఐదు గంటల నలభై నిమిషాలకు, నానక్‌రామ్‌గూడలోని ఒక ఆఫీసు టవర్ రెండో గేటు దగ్గర, హౌస్‌కీపింగ్‌లో పనిచేసే భూలక్ష్మి తాను చేసిన థర్మాకోల్ కోటలోంచి ఒక బురుజును తీసి, మోకాలికి ఆనించి, రెండుగా విరిచింది.

అప్పుడు గేటు దగ్గర ఏడుగురు ఉన్నారు. ఆరో అంతస్తులో పనిచేసే నలుగురు ఉద్యోగులు, సెక్యూరిటీ గార్డు బాలనర్సయ్య, ఫెసిలిటీ మేనేజర్ శ్రీనివాసరావు, భూలక్ష్మి. ఆ బురుజు చేయడానికి ఆమెకు రెండు ఆదివారాలు పట్టింది. అదే రోజు మూడున్నరకు, దాన్ని విరగ్గొట్టమని చెబితే, విరగ్గొట్టనని ఆమె శ్రీనివాసరావు ముఖం మీదే చెప్పింది.

కోట సంగతి మార్చి నెలలో ఒక గురువారం మొదలైంది.

భూలక్ష్మిది బోరబండ. వయసు నలభై ఆరు. పొద్దున్నే ఎంఎంటీఎస్ రైలు ఎక్కి హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగుతుంది. అక్కడి నుంచి షేర్ ఆటో. ఎనిమిదికి పనిలో చేరి ఐదుకు డ్యూటీ దిగుతుంది. దిగేలోపు ఆరో అంతస్తు మీటింగ్ రూముల్లో తెల్లబోర్డులన్నీ తుడవాలి. 'తుడవొద్దు' అని మూలన రాసి ఉన్న బోర్డును మాత్రం ముట్టుకోకూడదు. ఆ గురువారం చిన్న గదిలో బోర్డు నిండా గీతలున్నాయి. గళ్లు, చుక్కలు, మధ్యలో ఒక డబ్బా. మూలన ఏమీ రాసి లేదు. తుడిచింది.

మర్నాడు నాలుగు గంటలకు ఆ గదిలో నలుగురు నిలబడి బోర్డు వైపు చూస్తున్నారు. వాళ్లలో నితీష్ అనే అతను ఆమెను పిలిచాడు.

"ఆంటీ, ఇక్కడ ఒక కోట ఉండాలె. ఏమైంది?"

"ఏ కోట సారు?"

"బోర్డు మీద గీసిన."

"అది కోటనా? పిల్లలు ఎవరన్న వచ్చి గీకిన్రేమో అనుకున్న."

పక్కనున్న శ్రీలత నవ్వింది. ఆమె సాఫ్ట్‌వేర్ టెస్టర్. సొంతూరు సిద్దిపేట దగ్గర. "మనం ఐదు వారాల సంది కొట్లాడుతున్నం, గోడ మీద ఒక్క రాయి కదల్లే. అక్క ఒక్క గుడ్డ ముక్కతోని మొత్తం కోట కూల్చేసింది" అంది.

అదేంటని భూలక్ష్మి అడిగింది. నితీష్ చెప్పాడు. అది ఒక ఆట. ఒక్కొక్కరు కథలో ఒక్కో మనిషి. ఒకరు దొంగ, ఒకరు సిపాయి, ఒకరు వైద్యుడు. నితీష్ కథ చెబుతాడు. వాళ్లు తమ మనిషి ఏం చేస్తాడో చెబుతారు. చేయగలిగాడా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. ఎవరు ఎక్కడ నిలబడ్డారో తెలియడానికి బోర్డు మీద బొమ్మ గీసుకుంటారు.

"గోడ ఎంత ఎత్తు సారు?"

"ముప్పై అడుగులు."

"గీతలల్ల ఎత్తు ఎట్ల ఎరుకైతది?"

"ఊహించుకోవాలె ఆంటీ."

"ఊహించుకుంటే నలుగురికి నాలుగు ఎత్తులు కనబడ్తయి గద."

అంతకుముందు వారం, గోడ మీది విలుకాడికి కింద తలుపు కనిపిస్తుందా లేదా అని వాళ్లు అరగంట గొడవపడ్డారు. తేలలేదు.

"మీ మనిషి ఎంత ఉంటడు?" అని ఆమె అడిగింది. నితీష్ సంచిలోంచి ఒక బొమ్మ తీసి చూపించాడు. బొటనవేలి కణుపంత ఉంది. భూలక్ష్మి చెత్తబుట్టలోంచి కాఫీ కలిపే చెక్కపుల్ల ఒకటి తీసి, బొమ్మ పక్కన నిలబెట్టి, గోటితో గుర్తు పెట్టి, కొంగున ముడేసుకుంది.

ఆమె భర్త నర్సయ్య పెళ్లిళ్లకు స్టేజీలు కడతాడు. థర్మాకోల్‌తో స్తంభాలు, తోరణాలు, నెమళ్లు. పద్దెనిమిదేళ్లు భూలక్ష్మి ఆ పనే చేసింది. కరెంటు తీగ వేడి చేసి కోయడం, అతికించడం, రంగు వేయడం. ఫంక్షన్ హాళ్లు పెద్ద తెరలు పెట్టుకోవడం మొదలయ్యాక పని తగ్గింది. నాలుగేళ్ల కింద ఆమె ఒక ఏజెన్సీ ద్వారా హౌస్‌కీపింగ్‌లో చేరింది. ఇంటి వెనక రేకుల షెడ్డులో మిగిలిన థర్మాకోల్ పలకలు నేలనుంచి నడుమెత్తు దాకా ఉన్నాయి.

తర్వాతి శుక్రవారం ఆమె టిఫిన్ సంచిలో ఒక గోడ తెచ్చింది. ఆ పై వారం రెండు బురుజులు. సంచిలో పట్టేలాగే ప్రతి ముక్కా కోసింది. అన్నం సంచిని గేటు దగ్గర ఎవరూ రిజిస్టర్‌లో రాయరు. ఆమె కూడా రాయించలేదు. అది తప్పు అని అప్పుడు ఎవరికీ తట్టలేదు.

ఆరు వారాలకు కోట నిలబడింది. ముక్కలు నలభై. మీటింగ్ టేబుల్ మీద సగం ఆక్రమించింది. పునాదికి నల్లరాళ్ల వరుస, పైన పళ్ల వరుసలా కంగురలు, తలుపు ముందు కందకం, దాని మీద కాఫీ పుల్లలతో వంతెన. నితీష్ చుట్టూ తిరిగి వెళ్లి తన కుర్చీలో కూర్చున్నాడు. శ్రీలత ఎదురు కుర్చీలో కూర్చుంది. కూర్చుని, వంగి చూసి, "అక్కా" అంది.

"ఏంది మేడం?"

"కోటకు ఎనక లేదు."

భూలక్ష్మి వెళ్లి చూసింది. శ్రీలత వైపు అంతా తెల్లటి థర్మాకోల్. గోడల వెనక రంగు లేదు. బురుజులు సగం డొప్పలు. లోపల మార్కర్‌తో 'ఎడమ 1', 'కుడి 3' అని రాసిన అంకెలు. ప్రతి అంకె పక్కన 'భూ' అన్న అక్షరం.

"స్టేజీకి ఎనక ఎవరు కూసుంటరు మేడం?" అంది భూలక్ష్మి.

"నేను కూసున్న గదా."

నలుగురూ నవ్వారు. భూలక్ష్మి నవ్వలేదు. పద్దెనిమిదేళ్లలో ఆమె చేసిన ఏ స్తంభానికీ వెనక లేదు. పెళ్లికొచ్చిన వాళ్లు ముందు నుంచే చూస్తారు. వెనక ఉండేవి అంకెలు. ఏ ముక్క పక్కన ఏ ముక్క పెట్టాలో గుర్తుండటానికి. పేరులో అక్షరం ఎందుకంటే, ఒకే హాల్లో ఇద్దరు ముగ్గురి సామాను కలిసిపోతుంది. ఎవరి నెమలి ఎవరిదో టెంపో ఎక్కించేటప్పుడు తేల్చుకోవాలి.

రోజూ సంచిలో నాలుగైదు ముక్కల చొప్పున ఇంటికి పట్టుకెళ్లింది. అప్పుడూ గేటు దగ్గర ఎవరూ సంచి విప్పమనలేదు. నర్సయ్య చూసి, "ఎనక మూస్తున్నవేందే? ఎవడు చూస్తడని?" అన్నాడు. "చూసేటోళ్లు ఉన్నరు" అంది. వెనక గోడలు కోసి, మైదా లై ఉడికించి, పాత పేపర్లు అంటించి మూసింది. అంకెలూ 'భూ'లూ లోపల ఉండిపోయాయి. మొత్తం మూసి, మళ్లీ సంచిలోనే ఆఫీసుకు తెచ్చేసరికి మే నెల వచ్చింది.

నితీష్ ఒకరోజు రంగు స్ప్రే డబ్బా తెచ్చాడు. ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. "ఆగుండ్రి సారు. అది కొడితే థర్మాకోల్ కరిగిపోతది. మైనం లెక్క." ఒక ముక్క మీద కొట్టి చూపించింది. ముక్కలో గుంట పడింది. నితీష్ డబ్బా సంచిలో పెట్టేశాడు.

ఆట మారింది. విలుకాడికి తలుపు కనిపిస్తుందా అని ఎవరైనా అడిగితే, భూలక్ష్మి కుట్టుదారం ఒక కొసను గోడ మీది బొమ్మకు ఆనించి, రెండో కొసను తలుపు దాకా లాగేది. దారం కంగురకు తగిలితే కనిపించనట్టు. నలుగురూ టేబుల్ అంచుకు గడ్డం ఆనించి చూసేవాళ్లు. శ్రీలత వెనక వైపే కూర్చునేది. వెనక గోడలో భూలక్ష్మి చేసిన, బొమ్మ దూరేంత తూము ఒకటి ఉంది. దాన్ని మొదట కనిపెట్టింది శ్రీలతే. మూడు వారాలు ఎవరికీ చెప్పలేదు.

ఒక శుక్రవారం శ్రీలత బొమ్మ కోట తలుపు కొట్టింది. లోపలి నుంచి కావలి మనిషి ఏం అడుగుతాడో చెప్పడానికి నితీష్ కాగితం వెతుక్కుంటున్నాడు. తలుపు దగ్గర మాప్ పట్టుకుని నిలబడ్డ భూలక్ష్మి, "ఐడీ కార్డు చూపియ్యి" అంది.

"లేదు" అంది శ్రీలత.

"మర్చిపోయినవా, పోగొట్టుకున్నవా?"

"ఇంట్ల పెట్టి వచ్చిన."

"అయితే ఇంటికి పోయి తే. నేనీడనే ఉంట."

ఆ రోజు నుంచి కోట కావలి మనిషి మాట భూలక్ష్మిదే. పని దిగే ముందు పావుగంట, తలుపు దగ్గర నిలబడి మాట్లాడేది. కూర్చోమంటే కూర్చునేది కాదు. డ్యూటీలో కూర్చోవడం రూల్స్‌లో లేదు.

జూన్ మూడో శుక్రవారం మూడున్నరకు శ్రీనివాసరావు ఆ గదిలోకి వచ్చాడు. బిల్డింగ్ మొత్తానికి అతనే ఫెసిలిటీ మేనేజర్. సొంతూరు భీమవరం.

"ఏమ్మా, ఇది ఎవరు పెట్టించారు ఇక్కడ?"

"నేనే చేసిన సారు."

"సోమవారం ఫైర్ ఆడిట్ ఉంది. థర్మాకోల్ అంటుకుందంటే గది మొత్తం పోతుంది. దానికి సంతకం పెట్టాల్సింది నేను. ఐదుకల్లా విరగ్గొట్టి స్క్రాప్ సంచుల్లో వేసెయ్."

"విరగ్గొట్టుడు ఎందుకు సారు? ఇంటికి తీస్కపోత."

"ఎలా తీసుకెళ్తావు? ఇన్‌వర్డ్ ఎంట్రీ ఉందా? లోపలికి వచ్చినట్టు రాయనిది బయటికి ఎలా వెళ్తుంది?"

"వచ్చింది గద సారు. మీ కండ్ల ముంగటనే ఉన్నది."

"రిజిస్టర్‌లో లేదమ్మా."

భూలక్ష్మి చేతిలో గుడ్డను బకెట్ అంచు మీద వేసింది. "నేను విరగ్గొట్ట సారు."

"నువ్వు కాకపోతే ఇంకొకరు. నీ సంగతి ఏజెన్సీకి చెప్తాను."

"చెప్పుండ్రి."

అతను వెళ్లిపోయాడు. నాలుగింటికి ఆట ఆడటానికి వచ్చిన నలుగురికి ఆమె జరిగింది చెప్పింది. ఆట ఆడలేదు. నితీష్ కింది అంతస్తు నుంచి కంప్యూటర్లు వచ్చిన అట్టపెట్టెలు తెచ్చాడు. ఐదుకు ఆమె డ్యూటీ దిగింది. ఐదు గంటల ఇరవై నిమిషాలకు ఐదుగురూ ఐదు పెట్టెలతో రెండో గేటు దగ్గరికి వచ్చారు.

గేటులో బాలనర్సయ్య ఉన్నాడు. యాభై ఎనిమిదేళ్లు. ఊరు మెదక్ దగ్గర.

"పాస్ ఏది చెల్లె?"

"లేదన్నా."

"లేకుంటే ఇడువరాదు. నా నౌకరి పోతది."

"నీ నౌకరి నేనెందుకు తీస్తనన్నా? ఎవరికి ఫోన్ చెయ్యాల్నో చెయ్యి. నేను ఈడనే నిలవడ్త."

బాలనర్సయ్య ఫోన్ చేశాడు. శ్రీనివాసరావు పది నిమిషాల్లో దిగి వచ్చాడు. అప్పటికి గేటు లోపల కంపెనీ బస్సు ఒకటి హారన్ కొడుతోంది. పెట్టెలు దారికి అడ్డంగా ఉన్నాయి.

నితీష్ శ్రీనివాసరావును పక్కకు పిలిచాడు. పిలిచినా మాటలు అందరికీ వినపడ్డాయి. "సార్, ఎంప్లాయీ పర్సనల్ ఐటెమ్ అని నా పేరు మీద పాస్ రాసెయ్యండి. నా ఐడీ నంబర్ ఇస్తా. ఐదు నిమిషాల పని."

"అలా అయితే నాకు అభ్యంతరం లేదండి. మీ వస్తువని మీరు సంతకం పెడితే చాలు" అన్నాడు శ్రీనివాసరావు. పాస్‌ల పుస్తకం తెప్పించడానికి ఫోన్ తీశాడు.

"వద్దు సారు" అంది భూలక్ష్మి.

నితీష్ ఆమె వైపు తిరిగాడు. "ఆంటీ, పేరుకే. బయటికి పోతే చాలు గదా."

"మీ పేరు మీద పోతే అది మీది అయితది. రేపు ఎవరన్న పుస్తకం తీసి చూస్తే మీరు చేసినట్టు ఉంటది. నేను చేసిన. నా పేరు మీదనే పోవాలె. పోకుంటే ఇగ ఈడనే ఉండనీ, నేను గిట్లనే ఉంట."

"నీదని రుజువేంటమ్మా?" అన్నాడు శ్రీనివాసరావు. "ఆఫీసులో ఉంది, ఆఫీసు టేబుల్ మీద ఉంది. ఆ వంతెనకు వాడినవి మా ప్యాంట్రీ పుల్లలు. నాకు తెలీదనుకున్నావా?"

భూలక్ష్మి మూడో పెట్టె తెరిచింది. అడుగున ఉన్న బురుజు తీసింది. జానెడు ఎత్తు ఉంటుంది. రంగు వేసిన పేపరు చుట్టూ ఒక్క చోట కూడా లేవలేదు. "దీని లోపల ఏముందో మీకు ఎరుకేనా సారు?"

"నాకెలా తెలుస్తుంది?"

"ఈ సార్లకు?"

వెనక మూయకముందు నలుగురూ లోపల చూశారు. అయితే ఏ బురుజులో ఏ అంకె ఉందో వాళ్లకు గుర్తు లేదు.

"కుడి మూడు అని ఉంటది. పక్కన నా అక్షరం ఉంటది. లేకుంటే ఇదంతా నేనే స్క్రాప్ సంచిల ఏస్త."

"అక్కా, వద్దు" అంది శ్రీలత.

అప్పుడు ఐదు గంటల నలభై. బురుజు విరిగింది. బస్సు డ్రైవరు హారన్ మీద నుంచి చెయ్యి తీశాడు. భూలక్ష్మి రెండు సగాలనూ గేటు టేబుల్ మీద పెట్టింది. ఒక సగంలో నల్ల మార్కర్‌తో 'కుడి 3' అని, దాని పక్కన 'భూ' అని ఉంది. బాలనర్సయ్య కళ్లద్దాలు పెట్టుకుని పైకే చదివాడు.

శ్రీనివాసరావు చదివాడు. "సరే, చేసింది నువ్వే. పుల్లలు మాత్రం కంపెనీవి."

"కాఫీ తాగి పారేసినయి."

"పారేసినా స్క్రాప్ కంపెనీదేనమ్మా."

"అయితే తీస్కోండ్రి." భూలక్ష్మి రెండో పెట్టెలోంచి వంతెన తీసింది. గోటితో ఒక పుల్ల లేపి పీకి టేబుల్ మీద పెట్టింది. "ఒకటి." ఇంకోటి పీకింది. "రెండు. రాసుకో అన్నా. లెక్క తప్పొద్దు."

బాలనర్సయ్య పెన్ను తీశాడు. "సార్, ఇన్‌వర్డ్‌ల రాయాల్నా, స్క్రాప్‌ల రాయాల్నా?"

"ఏంటి రాసేది?"

"పుల్లలు సార్. వాడినయి."

నలుగురిలో ఒకరు దగ్గారు. వెనక రెండో బస్సు వచ్చి ఆగింది. భూలక్ష్మి పీకుతూనే ఉంది. ఒక్కో పుల్లను ముందుదాని పక్కన వరుసగా పెట్టింది. ఏడు. ఎనిమిది. తొమ్మిది. బస్సు కిటికీల్లోంచి కొందరు తలలు బయట పెట్టారు.

పదకొండో పుల్ల దగ్గర శ్రీనివాసరావు, "చాలు" అన్నాడు. "బాలనర్సయ్యా, ఆమె పేరు మీదే రాసి పంపించు. నేను సంతకం పెడతాను." తర్వాత ఆమెతో, "ఆడిట్‌లో మాట వస్తే పడాల్సింది నేనమ్మా. అది నీకు అర్థం కాదు. సోమవారం ఏజెన్సీతో మాట్లాడతాను" అన్నాడు.

"మాట్లాడుండ్రి సారు."

బాలనర్సయ్య అవుట్‌వర్డ్ రిజిస్టర్ తెరిచాడు. తేదీ, టైము రాశాడు. వస్తువు దగ్గర 'థర్మాకోల్ కోట' అని రాశాడు.

"ముక్కలు ఎన్ని?"

"నలభై ఉండె. ఇప్పుడు నలభై ఒకటి."

రాశాడు. తర్వాతి గడి దగ్గర ఆగాడు. "ఇక్కడ కంపెనీ పేరు రాయాలె చెల్లె."

"భూలక్ష్మి అని రాయి."

"కంపెనీ పేరు అడుగుతుంది ఇది."

"నేను చదివిన అన్నా. భూలక్ష్మి, బోరబండ. అదే రాయి."

ఆ గడిలో అదే ఉంది. కింద శ్రీనివాసరావు సంతకం ఉంది. పెట్టెలు గేటు దాటేసరికి ఆరు గంటల ఐదు నిమిషాలు. పదకొండు పుల్లలూ టేబుల్ మీదే ఉన్నాయి. బాలనర్సయ్య వాటికి రబ్బరు బ్యాండు వేసి సొరుగులో పెట్టాడు.

సోమవారం పది గంటలకు ఏజెన్సీ నుంచి ఫోన్ వచ్చింది. మర్నాటి నుంచి గచ్చిబౌలిలో వేరే బిల్డింగ్‌కు వెళ్లమన్నారు. డ్యూటీ ఏడింటికి మొదలు. ఎందుకని ఆమె అడిగింది. పై నుంచి చెప్పారన్నారు. మంగళవారం ఆరు గంటల యాభై నిమిషాలకు ఆమె గచ్చిబౌలిలో వేలిముద్ర వేసింది.

ఆ శుక్రవారం సాయంత్రం ఆరుంపావుకు నలుగురూ బోరబండ స్టేషన్‌లో దిగారు. భూలక్ష్మి ఇంటి వెనక షెడ్డులో, నర్సయ్య స్తంభాలు కోసే బల్ల మీద కోట ఉంది. చుట్టూ నాలుగు ప్లాస్టిక్ స్టూళ్లు. ఐదోది భూలక్ష్మికి. ఆమె కూర్చుని ఉంది. నర్సయ్య గోడకు ఆనుకుని నిలబడి, కోటను ముందు నుంచి ఒకసారి, వెనక నుంచి ఒకసారి చూశాడు.

"ఎనక కూడ మంచిగనే వచ్చింది" అన్నాడు. "గని గా బురుజు ఎందుకు అతికియ్యలే? లై ఉన్నది గద."

"ఉండనియ్యి."

కుడివైపు మూడో బురుజు రెండు సగాలుగా, మధ్యలో రెండు వేళ్ల సందుతో నిలబడి ఉంది. శ్రీలత తన స్టూలు వెనక వైపుకు జరుపుకుంది. కూర్చుని వంతెన వైపు చూసింది. మధ్యలో అరచేయంత ఖాళీ ఉంది. కింద కందకానికి వేసిన నీలంరంగు కనిపిస్తోంది.

"పుల్లలు పెట్టలేదా ఆంటీ?" అన్నాడు నితీష్.

"మీ ఆఫీసు పుల్లలు ఆఫీసులనే ఉన్నయి సారు. దుంకుండ్రి."

నితీష్ కాగితం మీద ఏదో కొట్టేసి, కొత్తగా రాశాడు. వంతెన మీద నుంచి దూకాలంటే ఇరవై ముఖాల పాచిక వేయాలి, పదకొండు దాటితే అవతల పడ్డట్టు, లేకపోతే నీళ్లలో పడ్డట్టు అని చెప్పాడు.

"ఇగ చూస్కో" అంటూ శ్రీలత పాచిక రెండు చేతుల మధ్య ఊపి బల్ల మీద వేసింది. అది కోట గోడకు తగిలి, వెనక్కి దొర్లి, ఆగింది.

పద్నాలుగు పడింది. భూలక్ష్మి ఆమె బొమ్మను తీసి, వంతెన అవతల, తలుపు ముందు పెట్టింది.